ఎవరి తాలూకో అడిగాకే గ్లాసు

కొత్తగా లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడం, సోషియాలజీ ఎలా చెప్పాలి?" అని అడుగుతుంటారు. గైడు చూసి చెప్పుకోండి నాయనా, ఎవరి జోలికీ పోకుండా హాయిగా రిటైరైపోతారు అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను నవ్వుతాలకి అనడం లేదు. చోడవరంలో నేను పనిచేసిన డిగ్రీ కాలేజీలో చాలామంది అలాగే రిటైరయ్యారు, శాలువాలు కప్పించుకున్నారు. నాకూ ఒకటి కప్పారు లెండి. అది ఇప్పుడు మా వంటింట్లో మిక్సీ మీద ఉంటోంది.

మా సబ్జెక్టంటే కాలేజీలో అందరికీ చులకన. ప్రిన్సిపాల్ గారు ఫిజిక్స్ మనిషి. "ఏముందమ్మా మీ సోషియాలజీలో? పెళ్ళి, కుటుంబం, కులం. అవన్నీ పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నవే కదా" అనేవారు స్టాఫ్ రూములో అందరి ముందూ. చూస్తున్నారనే మాట నిజమే. చూసినదాన్ని చూశానని ఒప్పుకోవడానికే మా సబ్జెక్టు ఉంది, ఆ ముక్క ఆయన బుర్రకి ఎప్పుడూ ఎక్కలేదు. పరీక్షలో అస్పృశ్యత గురించి రాయమంటే మా పిల్లలు ఒక్కరూ తప్పేవారు కారు. రాజ్యాంగం నిషేధించింది, శిక్షలున్నాయి, క్రమంగా అంతరించిపోతోంది అని గైడులో ఉన్నది ఉన్నట్టు దించేసేవారు. నేనూ మార్కులు వేసేదాన్ని, వెయ్యక చస్తానా. అంతరించిపోతోందని రాసిన కుర్రాడే సాయంత్రం బస్సు దిగి, వాళ్ళ ఊళ్ళో ఏ వీధిలోంచి నడవాలో ఆ వీధిలోంచే ఇంటికి నడిచేవాడు.

అలాంటి క్లాసులో ఒక పిల్ల ఉండేది. బుచ్చయ్యపేట వైపు నుంచి బస్సులో వచ్చేది. చెరుకు రైతుల ఇల్లు, ఇంటికి పెద్ద వాళ్ళ తాత. ఆయనకి సొంతంగా బెల్లం వండే గానుగ ఉంది. పిల్ల నోరు విప్పి మాట్లాడేది తక్కువ, కానీ కళ్ళు మాత్రం ఎప్పుడూ పనిలోనే ఉండేవి. డిగ్రీ అయ్యాక విశాఖపట్నం వెళ్ళి పీజీ చదవాలని దాని కోరిక. తాత ఇంకా ఒప్పుకోలేదు, అలాగని కాదనలేదు. "ముందు డిగ్రీ కానీ, అప్పుడు సూద్దాం" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని చదువుతోంది.

ఆఖరి ఏడాది ప్రతివాళ్ళూ సొంత ఊరి మీద ఒక ప్రాజెక్టు రాసి, బయటి యూనివర్సిటీ నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు వైవా చెప్పాలి. ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ చేతికి రాదు. పిల్లలు దానికి పడే కష్టం ఏమిటంటే, బస్టాండు దగ్గర జిరాక్సు షాపుకి వెళ్ళి 'మహిళా సాధికారత' అని అడగడం. వాడు ఊరి పేరు మార్చి ప్రింటు తీసి ఇస్తాడు. ఈ పిల్ల మాత్రం నా దగ్గరకొచ్చి, "మేడం, మా గానుగ గురించి రాయొచ్చేటండి?" అని అడిగింది.

"బెల్లం ఎలా వండుతారో రాస్తావా?" అన్నాను.

"కాదండి. రసం ఎలా పోస్తారో రాస్తానండి."

మా వైపు ఒక ఆచారం ఉంది. గానుగ ఆడుతున్నంత కాలం ఆ దారిన పోయేవాడు ఎవడైనా సరే, పాక దగ్గర ఆగితే చెరుకు రసం ఇచ్చి పంపాలి. లేదనకూడదు. లేదంటే పెనంలో బెల్లం పాకానికి రాదని నమ్మకం. ఊరి వాళ్ళకి అది పెద్ద గొప్ప. మా గానుగ దగ్గర కులం లేదు, మతం లేదు, వచ్చినవాడికల్లా రసమే అని చెప్పుకుంటారు. నేనూ ఆ మాట చాలాసార్లు విన్నాను, ముచ్చట పడ్డాను.

పిల్ల ఆ సీజనంతా గానుగ దగ్గర కూర్చుని చూసింది. రసం అందరికీ ఇస్తారన్నది నిజమే. ఇచ్చేముందు మాత్రం తాత ఒక ప్రశ్న వేస్తాడు. "ఏ వూరు బాబూ? ఎవరి తాలూకు?" జవాబు వచ్చాకే చెయ్యి గ్లాసు మీదకి వెళ్తుంది. కొందరికి గూట్లో బోర్లించిన స్టీలు గ్లాసు. కొందరికి రాటకి వేలాడదీసిన కట్టలోంచి పేపరు గ్లాసు. తాగాక స్టీలు గ్లాసు ఇంటివాళ్ళు కడుగుతారు. పేపరు గ్లాసుని తాగినవాడే తీసుకెళ్ళి పొయ్యిలో వెయ్యాలి. గానుగలో చెరుకు పెట్టేవాడు, పెనం కలిపేవాడు, వాళ్ళ చేతుల్లోంచే ఆ బెల్లమంతా వస్తుంది, వాళ్ళది కూడా పేపరు గ్లాసే. పూర్వం ఆ రాటకే కొబ్బరి చిప్పలు వేలాడేవని వాళ్ళ నానమ్మ చెప్పిందట. ఇదంతా ఉన్నదున్నట్టు, ఎవరినీ తిట్టకుండా రాసుకొచ్చింది. చదివి, వెంటనే మళ్ళీ మొదటి నుంచి చదివాను. నా ఉద్యోగమంతటిలో నేను పాఠం చెప్పినట్టు నాకే అనిపించిన రోజు అది.

క్లాసు సెమినార్లో చదివించాను. ఎవడో వెనక బెంచీలో ఫోనులో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టేశాడు. పాలు పొంగడానికైనా టైం పడుతుంది గానీ ఇది పొంగడానికి పట్టలేదు. మర్నాడు పొద్దున్నే తాత కాలేజీకి వచ్చాడు. తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. అరిచే మనిషి కాదు. ప్రిన్సిపాల్ గది బయట నన్ను చూసి ఆగాడు.

"తమరేనా మేడం గారు? మా గుంటకి ఏటి నేర్పుతన్నారమ్మా?"

"చూసింది రాయమన్నానండి."

"మా తాతల నాటినుంచీ దాహం అన్నోడికి నేదనకుండా పోస్తన్నాం. అది రాయమని సెప్పనేదేటి?"

"అదీ రాసింది. మీరు పూర్తిగా చదవండి."

"నాకు సదువు రాదమ్మా. ఊరంతా ఫోనులో ఇని నాకు సెప్పేరు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఎండాకాలంలో మా కాలేజీ లెక్చరర్లందరం కరపత్రాలు పట్టుకుని ఊళ్ళమ్మట తిరిగేవాళ్ళం, మా కాలేజీలో చేరండి బాబూ అని. కె.కోటపాడు నుంచి గోవాడ దాకా మేం తొక్కని అరుగు లేదు. ఈ పెద్దాయన ఒక మాట చెబితే ఆ చుట్టుపక్కల పిల్లలంతా మా కాలేజీలో చేరతారు, వద్దంటే పక్క కాలేజీకి పోతారు. కాబట్టి ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడి కుర్చీ వేసి, "నిజానిజాలు తేల్చడానికి మేమే స్వయంగా వస్తాం" అని మాటిచ్చారు. అంతరించిపోతోందని గైడులో రాస్తే నిజానిజాలు తేల్చడానికి ఎవరూ బయల్దేరరు చూడండి.

దానికోసం వేసిన కమిటీ అంటే ముగ్గురం. ప్రిన్సిపాల్ గారు, సోషల్ సైన్సులన్నిటికీ హెడ్డుగా ఉన్న పొలిటికల్ సైన్స్ మాస్టారు, నేను. మాతో పాటు కాలేజీ అటెండరు. ఆయన ఎప్పట్నుంచో అక్కడే పనిచేస్తున్నాడు. స్టాఫ్ రూములో పొద్దున్నా మధ్యాహ్నం మేమందరం తాగే టీ ఆయన కాచి ఇచ్చేదే. ప్రిన్సిపాల్ గారికైతే ఆ టీ పడకపోతే తలనొప్పి. ఆయన బ్యాగూ మంచినీళ్ళ సీసా పట్టుకోవడానికి అటెండరు కూడా కారెక్కాడు.

మేం వెళ్ళేసరికి గానుగ ఆడుతోంది. మోటారు చప్పుడు, పాక నిండా తీపి పొగ, వెనకాల ఎండబెట్టిన చెరుకు పిప్పి కుప్ప. పిల్ల పెనం పక్కన నిలబడి ఉంది. ముఖం పీక్కుపోయింది. ఇంట్లో ఎన్ని మాటలు పడిందో ఏమో. తాత మంచాలు వాల్పించి మర్యాదగా కూర్చోబెట్టాడు.

ప్రిన్సిపాల్ గారు విచారణ మొదలుపెట్టారు. గానుగలో చెరుకు పెడుతున్న మనిషిని పిలిచి, యజమాని పక్కనే నిలబడి ఉండగా, "ఏమయ్యా, ఇక్కడ మిమ్మల్ని వేరుగా చూస్తారా?" అని అడిగారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సార్, ఆయన్ని పక్కకి పిలిచి అడుగుదాం" అన్నాను మెల్లగా.

"అలా చేస్తే పెద్దాయన్ని అనుమానించినట్టు ఉంటుంది మేడం" అన్నారు పొలిటికల్ సైన్స్ మాస్టారు.

ఆ మనిషి తాత వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "ఏటీ నేదు బాబూ. బాగానే సూస్తారు" అన్నాడు. పెనం కలిపే ఆయన కూడా అదే అన్నాడు. చదువుకున్న మనుషులు, ఉద్యోగాలు చేస్తున్న మనుషులు, కూలికొచ్చిన మనిషిని రేపు పొద్దున్న కూలి ఇచ్చేవాడి ముందే నిలబెట్టి, ఆ కూలి ఇచ్చేవాడి గురించి చెప్పమని అడుగుతారా? మొదటి ఏడాది పిల్లలకి కూడా ఆ మాత్రం తెలుసు. ప్రిన్సిపాల్ గారు మాత్రం తల పంకించి, విన్నారుగా అన్నట్టు నా వైపు చూశారు.

అప్పుడు రసం వచ్చింది. నిమ్మకాయ పిండి, అల్లం దంచి వేసింది. తాత ఆ సార్లిద్దర్నీ ఎరుగును. స్టీలు గ్లాసులు అందించాడు. నన్ను, "తమరిదే వూరమ్మా? ఎవరి తాలూకు?" అని అడిగాడు. చెప్పాను. నాకూ స్టీలు గ్లాసు. అటెండరు కాస్త దూరంగా బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. తాత ఒక స్టీలు గ్లాసు చేతిలోకి తీసుకుంటూనే, "నీదే వూరు బాబూ? ఎవరి తాలూకు?" అన్నాడు.

అటెండరు కె.కోటపాడు దగ్గర ఊరి పేరు చెప్పాడు. చర్చి పేట అన్నాడు. వాళ్ళ నాన్న పేరు చెప్పాడు.

తాత చేతిలోని స్టీలు గ్లాసు మళ్ళీ గూట్లోకి వెళ్ళింది. రాటకున్న కట్టలోంచి పేపరు గ్లాసు వచ్చింది. కోపం లేదు, అసహ్యం లేదు. పొలానికి నీళ్ళు మళ్ళించినంత మామూలుగా జరిగిపోయింది. రసం మాత్రం అంచు దాకా పోశాడు. అటెండరు రెండు చేతులా అందుకుని, పిప్పి కుప్ప వైపు నడిచాడు.

నేను ప్రిన్సిపాల్ గారి ముఖంలోకి చూశాను. ఆయన చూశారు. నేను ప్రమాణం చేసి చెప్తాను, కళ్ళారా చూశారు. చూసి, గ్లాసు ఎత్తి, "అల్లం బాగా పడిందండీ" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఇక ఉండబట్టలేక అడిగేశాను. "చూశారా సార్?"

"ఏమిటమ్మా?"

"పేపరు గ్లాసు."

"అది హైజీన్ మేడం. పెళ్ళిళ్ళలో కూడా ఇప్పుడు అవే కదా."

"మరి మనకి హైజీన్ అక్కర్లేకపోయిందా?"

పొలిటికల్ సైన్స్ మాస్టారు మధ్యలో దూరి, రాజ్యాంగపరంగా చూస్తే గ్లాసు అనేది వ్యక్తిగత ఆస్తి కిందకి వస్తుందని ఏదో మొదలుపెట్టారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈయన కళ్ళు తెరిచి తాగి, పాలు కావని వాదిస్తున్నారు. ముందు సీట్లో అటెండరు ఒడిలో బ్యాగు పెట్టుకుని, చెరుకు లోడుతో ఎదురొస్తున్న ట్రాక్టర్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. మా మాటలన్నీ ఆయనకి వినిపిస్తున్నాయి. ఎవరూ వెనక్కి తగ్గలేదు, నేను కూడా. ఆ మనిషి ముందే ఆ మనిషి గ్లాసు గురించి పోట్లాడుకుంటూ చోడవరం దాకా వచ్చాం.

వివక్ష ఏదీ కనిపించలేదని కమిటీ తేల్చేసింది. నేను సంతకం పెట్టనన్నాను. ఇద్దరిది చాలన్నారు. పిల్లని పిలిచి, గ్లాసుల గురించి రాసిన భాగం తీసేస్తేనే ప్రాజెక్టు వైవాకి పంపుతామని చెప్పారు. ఇంటి దగ్గర తాత కూడా అదే మాటన్నాడట, తీసెయ్, లేదా చదువు మానెయ్ అని. ప్రాజెక్టు పోతే డిగ్రీ పోయినట్టే, విశాఖపట్నం ఊసే ఉండదు. పిల్ల నా దగ్గరకొచ్చి తల దించుకుని నిలబడింది.

"తీసేస్తానండి మేడం."

నాకు దాని మీద కూడా కోపం వచ్చింది. కానీ ఏమని అరవను? పోయేది దాని చదువు, నాది కాదు. "మరి ఆ చోట ఏం రాస్తావే?" అన్నాను.

"సూసిందే రాస్తానండి" అంది.

అర్థం కాలేదు నాకు. ప్రిన్సిపాల్ గారు పాత భాగం లేదో చూసుకుని, కొత్తది చదవకుండానే సంతకం పెట్టారు. ఆయన ఏనాడూ ఏ ప్రాజెక్టూ చదివింది లేదు.

వైవా రోజున ఎగ్జామినర్‌గా వచ్చినాయన పెద్ద మనిషి, మితభాషి. మర్యాద కోసం ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి పక్కన కూర్చున్నారు. జిరాక్సు షాపు సాధికారతలన్నీ అయ్యాక ఈ పిల్ల వంతు వచ్చింది. ఎగ్జామినర్ గారు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు. మళ్ళీ చదివారు. తర్వాత పైకి చదవడం మొదలుపెట్టారు.

"మా గానుగ దగ్గరకి ఒకరోజు కాలేజీ నుంచి నలుగురు వచ్చారు. ఒకరు సైన్సు చెప్పేవారు, ఒకరు రాజ్యాంగం చెప్పేవారు, ఒకరు సమాజశాస్త్రం చెప్పేవారు, ఒకరు వాళ్ళ ముగ్గురికీ టీ ఇచ్చేవారు. ఇక్కడ వేరుగా చూస్తారా అని తెలుసుకోవడానికి వచ్చారు. ముగ్గురికి స్టీలు గ్లాసు ఇచ్చారు. నాలుగో ఆయనకి ఎవరి తాలూకని అడిగిన తర్వాత పేపరు గ్లాసు ఇచ్చారు. ముగ్గురూ చూశారు. చూసిన తర్వాత తమ గ్లాసులు ఖాళీ చేశారు. నాలుగో ఆయన పక్కకి వెళ్ళి, ఏమీ అనకుండా తాగేశారు."

నన్ను కూడా వదల్లేదు చూడండి. వదలకూడదు కూడా.

ఎగ్జామినర్ గారు ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి, "ఇది జరిగిందా సార్?" అన్నారు.

"చిన్నపిల్ల కదండీ, ఊహించుకుని రాసేసింది. మేం స్వయంగా విచారించాం. అలాంటిదేమీ లేదు. నన్నడిగితే ఈ ప్రాజెక్టు ఒప్పుకోకూడదు."

సరిగ్గా అప్పుడే టీ వచ్చింది. అటెండరు ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలీదు. ఎగ్జామినర్ గారు ఆయన్ని చూసి, పిల్లని చూసి, "మీరేనా ఆ నాలుగో ఆయన?" అన్నారు.

మళ్ళీ అదే తప్పు. ఉద్యోగం ఇచ్చే మనిషి కుర్చీలో కూర్చుని చూస్తుండగా అడుగుతున్నారు. ఏటీ నేదు బాబూ అనే మాట నాకు ముందే చెవుల్లో వినిపించింది. ఆ మాట వస్తే పిల్ల రాసింది అబద్ధమైపోతుంది, దాని చదువు అక్కడితో సరి.

అటెండరు ఒక్కొక్క కప్పూ బల్ల మీద పెట్టాడు. ప్రిన్సిపాల్ గారి ముందు కూడా పెట్టాడు.

"నానేనండి. గుంట రాసిందంతా నిజమేనండి. ఒకటే తప్పు" అన్నాడు.

ప్రిన్సిపాల్ గారి ముఖంలోకి ప్రాణం వచ్చింది. "ఆ, చెప్పు చెప్పు. ఏది తప్పు?"

"నాను తాగనేదండి. పిప్పి కుప్ప ఎనకాల పారబోసి, గ్లాసు పొయ్యిలో ఏసీసేను."

పిల్ల లేచి నిలబడింది. "సార్, ఆ పేజీ ఒకసారి ఇస్తారేటండి, దిద్దుకుంటాను" అని అడిగింది. ఎగ్జామినర్ గారు పేజీతో పాటు తన పెన్ను కూడా ఇచ్చారు. "దిద్దమ్మా. అప్పుడు సంతకం పెడతాను" అన్నారు. పిల్ల 'తాగేశారు' అన్న మాట కొట్టేసి, అటెండరు వైపు తిరిగింది.

"పారబోసేరని రాయనా బాబాయ్?"

"రాయమ్మా" అన్నాడు ఆయన. ఖాళీ ట్రే తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట ప్రిన్సిపాల్ గారి కప్పులో టీ అలాగే మీగడ కట్టింది.

పిల్ల పాసైంది. తాతతో వాళ్ళమ్మ ఎంత పోట్లాడిందో గానీ విశాఖపట్నం కూడా వెళ్ళింది, పీజీ చేసింది. మా ప్రిన్సిపాల్ గారు మరుసటి ఏడాది నుంచి సోషియాలజీ అడ్మిషన్లు ఆపించేశారు, పిల్లలు రావడం లేదని కారణం చెప్పి. పిల్లలు రావడం లేదట. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పోయిన సీజన్లో ఆ పిల్ల వాళ్ళ ఊరు వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చేసింది. వెనకాల గానుగ మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"మేడం, మా తాత స్టీలు గ్లాసులన్నీ అటకెక్కించేసేడండి. ఇప్పుడు ఎవరొచ్చినా పేపరు గ్లాసేనండి. ఆయన కూడా అందులోనే తాగుతన్నాడు."

"పోనీలే, ఇన్నాళ్ళకి" అన్నాను.

"ఉండండి మేడం. పోసేముందు ఎవరి తాలూకు అని మాత్రం ఇంకా అడుగుతన్నాడండి. గ్లాసు ఒకటే కదా తాతా, మరెందుకు అడుగుతావు అన్నాను."

"ఏమన్నాడు?"

"తెలవొద్దేటే, అన్నాడండి."